వేళకు అందిన కబురు: డాక్టర్ ఎ.ఎస్. రావు జీవితం

మన తెలంగాణ పల్లెలలో చెరువులు ఒకదాని దిగువ ఒకటిగా, గొలుసుకట్టుగా ఉంటాయి. ఎగువ చెరువు మత్తడి దూకితే ఆ నీరు దిగువ చెరువును చేరుతుంది. కుండపోతగా వాన కురిసిన రాత్రి ఎగువ కట్టకు గండి పడిందన్న కబురు దిగువ ఊరికి నీటికన్న ముందు చేరవలెను. ముందు చేరితే మనుషులూ పశువులూ మెరకకు చేరి ప్రాణాలు దక్కించుకుంటారు. నీటి వెనుక వచ్చిన కబురులో అసత్యమేమీ లేదు. కాని దాని వలన ప్రయోజనమూ లేదు. ఉర్దూలో వక్త్ అన్నా, తెలుగులో వేళ అన్నా అర్థమొకటే. కొన్ని కబుర్ల విలువ వాటిలోని మాటలో సగము, అవి అందిన వేళలో సగము ఉంటుంది.

నేడు ఈ విషయము విజ్ఞానశాస్త్రములో ఒక పెద్ద శాఖ అయినది. కంప్యూటర్ల నడుమ, కర్మాగారాల నడుమ, ఖండాల నడుమ క్షణక్షణమూ సమాచారము ప్రవహిస్తున్నది. అందులో కొంత నిదానముగా చేరినా నష్టము లేదు. కొంత మాత్రము క్షణకాలము ఆలస్యమైతే వృథా. ఈ రెండవ రకపు సమాచారాన్ని పట్టుకొని, కొలిచి, వేళ మించకుండా చేరవేసే యంత్రాలను మన దేశములోనే, మన చేతులతోనే తయారు చేయవచ్చునని చాటిన తొలి తరము వారిలో ఒక తెలుగువాడున్నాడు. ఆయన పేరు మనలో చాలామందికి తెలియకుండానే తెలుసు. నంగునూరు నుండి సిద్దిపేట మీదుగా జూబిలీ బస్ స్టేషన్‌లో దిగి, అక్కడి నుండి తూర్పు దిక్కుగా పోయే సిటీ బస్సు ఎక్కినవారు దాని బోర్డు మీద ఎ.ఎస్. రావు నగర్ అన్న పేరును, ఇ.సి.ఐ.ఎల్. అన్న పేరును చదివే ఉంటారు. మొదటిది ఆ మనిషి పేరు. రెండవది ఆయన నిర్మించిన సంస్థ పేరు. ఒక మనిషి జీవితము బస్సు బోర్డుగా మారిపోవడము కీర్తియే కావచ్చును. అయినను ఆ పేరు వెనుక ఉన్న కృషిని విద్యార్థి లోకము ఎరుగకపోవడము న్యాయము కాదు.

అయ్యగారి సాంబశివరావు 1914 సెప్టెంబరు 20వ తేదీన పశ్చిమ గోదావరి జిల్లా భీమవరము సమీపమునగల మోగల్లు గ్రామములో జన్మించారు. ఆనాడు పల్లెటూరి బాలునికి భౌతికశాస్త్రమన్నది దూరపు మాట. అట్టి ఊరి నుండి బయలుదేరిన ఆయన కాశీ హిందూ విశ్వవిద్యాలయము చేరి ఎం.ఎస్‌సి. పట్టము పొందారు. అక్కడనే కొన్ని సంవత్సరాలు అధ్యాపకులుగా పనిచేశారు. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన కాలాన అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు వెళ్ళి విద్యుత్ ఇంజనీరింగులో ఉన్నత విద్య నభ్యసించారు. యుద్ధకాలములో రాడార్ వంటి సాధనాలు పెరిగి, సన్నని విద్యుత్ స్పందనలను సెకనులో లక్షవ వంతు దాకా గుర్తించి కొలిచే విద్య అక్కడ అప్పటికే వికసించి ఉండెను. ఎలక్ట్రానిక్స్ అన్న మాట మన దేశములో రేడియో పెట్టెకు మించి వినబడని రోజులవి.

స్వదేశము చేరిన రావుగారు బొంబాయిలో హోమీ భాభా నెలకొల్పిన టాటా ఫండమెంటల్ పరిశోధన సంస్థలోను, ఆపై అణుశక్తి కార్యక్రమములోను చేరారు. భాభా ముందున్న చిక్కు మిక్కిలి గడ్డుది. అణువును పరిశోధించుటకు కావలసిన పరికరములన్నీ విదేశాల నుండి రావలెను. వాటి ధర అధికము, రాక ఆలస్యము. అవి చెడిపోతే బాగుచేసే దిక్కు లేదు. పరికరము వచ్చి చేరేలోగా ప్రశ్నయే పాతబడిపోయెడిది. కాబట్టి పరికరములను ఇక్కడనే చేసుకొనవలెనని భాభా నిశ్చయించారు. ఆ బాధ్యతను మోసినవారిలో ముఖ్యులు రావుగారు. ట్రాంబేలో ఎలక్ట్రానిక్స్ విభాగము ఆయన నాయకత్వములో పెరిగినది. వికిరణమును కొలిచే గణకములు, స్పందనలను పెంచే పరికరములు, వాటికి విద్యుత్తునిచ్చే పెట్టెలు అక్కడ తయారై దేశములోని ఇతర పరిశోధనాలయాలకు కూడ చేరసాగినవి.

రావుగారి విద్యకు తొలి అగ్నిపరీక్ష అప్సర. 1956 ఆగస్టు 4వ తేదీన ట్రాంబేలో పనిచేయ నారంభించిన ఈ అణురియాక్టరు భారతదేశములోనే గాక ఆసియాఖండములోనే మొదటిదిగా పేరొందినది. దాని ఇంధనము బ్రిటన్ నుండి వచ్చినది. దానిని అదుపులో నుంచే నియంత్రణ వ్యవస్థను మాత్రము రావుగారి బృందము ఇక్కడనే నిర్మించినది. ఇది ఎంతటి సాహసమో తెలియవలెనన్న రియాక్టరు లోపల జరిగేది కొంత తెలియవలెను.

యురేనియమ్ అణువు పగిలినపుడు న్యూట్రాన్లు వెలువడి, అవి మరికొన్ని అణువులను పగులగొడతాయి. ఇట్లు గొలుసుగా సాగే క్రియ సమముగా ఉన్నంతకాలము క్షేమము. ఒక తరము కన్న మరుసటి తరములో న్యూట్రాన్లు కొద్దిగా పెరిగినా, తరాలు అతి త్వరగా మారుతుంటాయి గనుక శక్తి వేగముగా పెరిగిపోతుంది. ప్రకృతి మనకొక చిన్న వెసులుబాటు నిచ్చినది. యురేనియమ్-235 పగులుడులో వెలువడే న్యూట్రాన్లలో వెయ్యింటికి ఆరేడు మాత్రము వెంటనే రాక, సెకనులో కొంత భాగము మొదలు సుమారు ఒక నిమిషము వరకు ఆలస్యముగా వస్తాయి. ఆ కొద్దిపాటి ఆలస్యమే మానవునికి దొరికిన గడువు. ఆ గడువులోపల న్యూట్రాన్లను లెక్కించవలెను, లెక్కను గదికి చేర్చవలెను, హద్దు మీరితే నియంత్రణ కడ్డీలు తమంతట తామే లోనికి దిగిపోవలెను. లెక్క ఎంత సరిగా ఉన్నా గడువు దాటిన తరువాత అందితే అది చెరువు తెగిన పిమ్మట వచ్చిన కబురే.

ఇక్కడ మరొక సంకటము కూడ ఉన్నది. పరికరమే అబద్ధమాడితే ఏమి చేయవలెను? లేని ప్రమాదమును చూపి మాటిమాటికి రియాక్టరును ఆపివేసే పరికరము పనికి అడ్డము. ఉన్న ప్రమాదమును దాచే పరికరము ప్రాణానికి అడ్డము. రియాక్టరు ఇంజనీర్లు దీనికి కనుగొన్న ఉపాయము పంచాయతీ ధర్మము వంటిది. ఒకే విషయమును మూడు పరికరములు వేర్వేరుగా కొలుస్తాయి. రెండు ఏకీభవిస్తే ఆ తీర్పు అమలవుతుంది. వేళ తప్పని సమాచారము, ఒక్క మాటనే నమ్మని వివేకము అన్న ఈ రెండు సూత్రముల మీదనే అణువిద్యుత్ కేంద్రాల భద్రత నేటికిని ఆధారపడి ఉన్నది.

ప్రభుత్వము రావుగారి కృషిని గుర్తించి 1960లో పద్మశ్రీ బిరుదముతో సత్కరించినది. 1965లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతియు, 1972లో పద్మభూషణ్ బిరుదమును ఆయనకు లభించినవి. అయితే బిరుదాల కన్న బరువైన పని ఒకటి 1963లో ఆయన మీద పడినది. 1962 నాటి చైనా యుద్ధము మన సైన్యానికి వార్తా సాధనాల కొరత ఎంతగా ఉన్నదో బయటపెట్టినది. సరిహద్దు కొండలలో ధైర్యసాహసాలకు లోటు లేదు. ధైర్యవంతుని చెవికి వేళకు మాట చేర్చే సాధనానికి లోటు. ఈ స్థితిలో దేశపు ఎలక్ట్రానిక్స్ అవసరములను పరిశీలించుటకు భాభా అధ్యక్షతన ప్రభుత్వము ఒక సంఘమును నియమించినది. అందులో విక్రమ్ సారాభాయి, సూరి భగవంతము, ఎ.ఎస్. రావు సభ్యులు. ఆ చిన్న సంఘములో ఇద్దరు తెలుగువారుండుట, అందులో భగవంతముగారు హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా పనిచేసినవారగుట మనకు గర్వకారణము.

1966 జనవరి 24న ఆల్ప్స్ పర్వతాలలో జరిగిన విమాన ప్రమాదములో భాభా అకాలమరణము చెందారు. సంఘపు నివేదిక ఆ సంవత్సరమే వెలువడినది. దేశము తన ఎలక్ట్రానిక్ పరికరములను తానే తయారు చేసుకొనవలెనన్నది దాని సారాంశము. నివేదికలు వ్రాయుట సులభము, అల్మారాలలో దాచుట అంతకన్న సులభము. రావుగారు ఆ నివేదికను అల్మారాలో ఉండనీయలేదు. 1967 ఏప్రిల్ 11వ తేదీన హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్, అనగా మనము ఇ.సి.ఐ.ఎల్. అని పిలిచే సంస్థ, అణుశక్తి శాఖ క్రింద అవతరించినది. దానికి తొలి సారథి ఆయనే. ట్రాంబే పరిశోధనాలయములో రూపుదిద్దుకొన్న పరికరములు ఇక హైదరాబాదు కర్మాగారములో తయారు కాసాగినవి. ప్రయోగశాలలో ఒక్క పరికరమును పనిచేయించుట ఒక విద్య. అదే పరికరమును వందగా చేసి, వందయు ఒకే తీరున పనిచేయునట్లు చూచుట వేరొక విద్య. ఆ రెండవ విద్య మన దేశములో అరుదు. దానిని నేర్పుటయే ఆ సంస్థ తొలి కర్తవ్యమైనది.

1969లో వెలువడిన టి.డి.సి.-12 అన్న కంప్యూటరు ఆ కృషికి మచ్చుతునక. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అన్నది దాని పూర్తి పేరు. పన్నెండు బిట్ల మాటలతో పనిచేసేది గనుక ఒక్క మాటలో 4096 వేర్వేరు విలువలను పట్టగలిగేది. ఇప్పటి విద్యార్థి చేతిలోని ఫోనుతో పోలిస్తే అది పసిబిడ్డ. అయినను దానికొక ప్రత్యేకత ఉన్నది. అది రియల్ టైమ్ కంప్యూటరు. ఆనాటి కంప్యూటర్లలో అధిక భాగము ఆఫీసు గుమాస్తా వంటివి. ఇచ్చిన కాగితాలను వరుసగా పూర్తి చేసేవి. రియల్ టైమ్ కంప్యూటరు అట్లు కాదు. ఒక ఫైలు చూస్తుండగా అత్యవసరమైన గంట మ్రోగితే, చదువుతున్న చోట గుర్తు పెట్టి, ఆ గంటకు కారణమైన పనిని గడువులోగా ముగించి, తిరిగి గుర్తు పెట్టిన చోటి నుండి చదువు సాగించే గుమాస్తా అది. యంత్రశాలలోని ఉష్ణోగ్రత, ఒత్తిడి, న్యూట్రాన్ల లెక్క తమంతట తాము వచ్చి తలుపు తడుతుంటే, దేనిని ముందు వినవలెనో దేనిని తరువాత వినవలెనో నిర్ణయించుటయే దాని ప్రజ్ఞ. దాని వెనుక పదహారు బిట్ల టి.డి.సి.-316 వంటి పెద్ద యంత్రములు వచ్చినవి. అణువిద్యుత్ కేంద్రాలకు కావలసిన నియంత్రణ పరికరములు కూడ ఇ.సి.ఐ.ఎల్. నుండి వెళ్ళసాగినవి.

ఈ సంస్థ పని మన ప్రాంతపు పల్లెలను కూడ తాకినది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము సాయముతో ఇస్రో సంస్థ జరిపిన సైట్ ప్రయోగములో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2400 గ్రామాలకు టెలివిజన్ చేరినది. నంగునూరు అప్పుడు భాగముగా ఉన్న మెదక్ జిల్లా కూడ ఆ ప్రయోగములో చేరినది. భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహము నుండి తిన్నగా సంకేతమును అందుకొనే గ్రామీణ టెలివిజన్ యంత్రములను తయారు చేసినది హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. పట్నపు దారి కూడ సరిగా లేని ఊరి ప్రజలు ఆ పెట్టె ముందు కూర్చొని తెలుగులో వ్యవసాయ విషయములు విన్నారు. పైకి పోయి క్రిందికి వచ్చుటకు ఆ సంకేతమునకు సుమారు పావు సెకను పడుతుంది. వినే కార్యక్రమానికి ఆ పావు సెకను లెక్కలోనిది కాదు. ఇద్దరు మాట్లాడుకొనే సంభాషణకు మాత్రము అది అడ్డు తగులుతుంది. ఒకరి మాట మీద మరొకరి మాట పడుతుంది.

సరిగా ఈ చిక్కునే ఆ రోజులలో అమెరికాలో కంప్యూటర్ జాలముల నిర్మాతలు ఎదుర్కొన్నారు. 1974లో డానీ కోహెన్ మొదలైనవారు మనిషి గొంతును చిన్న చిన్న ప్యాకెట్లుగా కత్తిరించి అర్పానెట్ మీదుగా పంపి చూశారు. టెలిఫోను పద్ధతిలో గొంతును సెకనుకు 8000 సార్లు కొలుస్తారు. ఇరవై మిల్లీసెకన్ల మాటలో 160 కొలతలుంటాయి. అట్టి ముక్కలు సెకనుకు యాభై పోవలెను. ఉత్తరములో ఒక పుట తప్పిపోతే తిరిగి తెప్పించుకొనవచ్చును. మాటలో ఒక ముక్క తప్పితే దానికోసము ఆగరాదు. ఆగితే సంభాషణయే నిలిచిపోతుంది. కావున తప్పిన ముక్కను వదలి ముందుకు సాగుటయే మేలని వారు గ్రహించారు. ఈ వివేకమే 1978లో ఇంటర్నెట్ నియమావళిని రెండుగా విడదీయుటకు ఒక కారణమైనది. తప్పక చేరవలసిన దానికి ఒక దారి, వేళకు చేరవలసిన దానికి ఒక దారి ఏర్పడినవి. 1996లో వెలువడిన ఆర్.టి.పి. అన్న నియమావళి ప్రతి ముక్క మీద వరుస సంఖ్యను, కాలముద్రను వేసే ఏర్పాటు చేసినది. దారిలో కొన్ని ముందుగా, కొన్ని ఆలస్యముగా వచ్చినా, గ్రహించే యంత్రము వాటిని కొద్దిసేపు నిలువచేసి సమముగా వదలుతుంది. ఎడాపెడా వచ్చే వరదను ఆపి తూము ద్వారా ఒకే తీరున పారించే మన చెరువు చేసే పనియే అది.

ఈ జాలముల నియమాలను రావుగారు కనుగొనలేదు. ఆ ఘనతను ఆయనకు అంటగట్టుట ఆయనకే అగౌరవము. కాని రియాక్టరు కడ్డీకి అందవలసిన లెక్కకు, వేల మైళ్ళ దూరాన ఉన్న తల్లికి అందవలసిన బిడ్డ గొంతుకు మూలసూత్రము ఒక్కటే. కాలముద్ర లేని సమాచారము సగము సమాచారమే. ఆ సూత్రమును చేతులతో పాటించి యంత్రముగా మలచే నిపుణులను, వారికొక కర్మాగారమును ఈ నేల మీద నిలబెట్టుట రావుగారి ఘనత.

మనలో ప్రతి వయోజనుడు ముట్టుకొనే మరొక యంత్రమునకు కూడ ఈ సంస్థతో సంబంధమున్నది. 1977లో ఎన్నికల సంఘపు ఆలోచన మేరకు ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రమును రూపొందించే పని ఇ.సి.ఐ.ఎల్. చేపట్టినది. 1979లో నమూనా తయారైనది. 1982లో కేరళలోని పరూరు నియోజకవర్గములో కొన్ని కేంద్రాలలో దానిని తొలిసారి వాడారు. విచిత్రమేమనగా ఈ యంత్రమును ఏ జాలముతోను కలుపరు. ఏ సమాచారము పరుగెత్తవలెనో, ఏది కదలక పెట్టెలోనే భద్రముగా ఉండవలెనో ఎరుగుట కూడ ఈ విద్యలో ఒక భాగమే.

ఆయన మార్గము మీద విమర్శలు లేకపోలేదు. విదేశీ కంప్యూటర్ల దిగుమతిని కట్టడి చేసి స్వదేశీ తయారీని ప్రోత్సహించిన ఆ కాలములో, కావలసిన యంత్రము వేళకు దొరకదనియు, విదేశీ యంత్రముల వేగము మన యంత్రములకు లేదనియు వాడుకదారులు వాపోయారు. 1970ల చివరకు ప్రభుత్వము చిన్న కంప్యూటర్ల తయారీకి ప్రైవేటు సంస్థలను కూడ అనుమతించినది. వేళకు చేర్చే యంత్రమును చేయబూనిన దేశము తానే వేళ తప్పుట ఒక విషాదమే. ఈ విమర్శలో నిజమున్నది. కాని త్రాసు రెండవ తట్టలో కూడ కొంత బరువున్నది. 1974లో మన అణుపరీక్ష జరిగిన పిమ్మట విదేశాల నుండి అణు పరికరముల సాయము నిలిచిపోయినపుడు, నియంత్రణ పరికరములను చేయగల చేతులు మనకు సిద్ధముగా ఉన్నవి. అడిగిన నాడు కొనుక్కొనుట త్వరగా జరిగే పనియే. అమ్మేవాడు తలుపు మూసిన నాడు మాత్రము, ముందుగా నేర్చుకొన్నవాడే వేళకు అందుకొనగలడు. ఆలస్యమును ఏ గడియారముతో కొలువవలెనన్న ప్రశ్నకు ఆయన జీవితము ఇచ్చిన సమాధానము ఇది.

డాక్టర్ ఎ.ఎస్. రావు 2003లో, ఎనభైతొమ్మిదేండ్ల పండు వయస్సులో పరమపదించారు. సంస్థకు చేరువన వెలసిన కాలనీకి ఆయన పేరు పెట్టుకొన్నారు. ఆయన ఆరంభించిన కర్మాగారము నేటికిని పనిచేస్తున్నది.

విద్యార్థి మిత్రులారా! మోగల్లు కూడ నంగునూరు వంటి పల్లెయే. అక్కడి నుండి కాశీకి, కాశీ నుండి అమెరికాకు పోయిన బాలుడు తిరిగి వచ్చి తన విద్యను ఈ దేశపు పనిముట్టుగా మలచినాడు. మనము ఉర్దూలో చదివినా తెలుగులో చదివినా విద్యుత్ స్పందనకు భాషాభేదము లేదు. దానికి తెలిసినది గడువు ఒక్కటే. పరీక్ష ముగిసిన మరునాడు గుర్తుకు వచ్చే జవాబు ఎంత సరియైనదైనా మార్కులు తేదని మనకందరికి అనుభవమే. ఇకమీదట ఆ బస్సు బోర్డును చదివినపుడు దాని వెనుకనున్న మనిషిని ఒక్క క్షణము స్మరించండి. నేర్చుకొనవలసినది వేళకు నేర్చుకొనుటయే ఆయనకు మనమీయగల నివాళి.